ముద్దనూరు ఘాటులో తేలిన మూడు గుర్రాలు

నూట పది గుర్రాల లారీని ఒక స్క్రూడ్రైవరుతో, ఒక హాక్సా బ్లేడుతో నూట ఎనభై ఏడు గుర్రాల లారీగా మార్చిన మేస్త్రీ కడప జిల్లా మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కణ్ణి నేనే. సాక్ష్యం అడుగుతారేమో, అదీ ఉంది. ప్రొద్దుటూరులో నా షెడ్డు గోడకు అద్దం కట్టించి ఏళ్ల తరబడి వేలాడదీసిన చీటీ. మార్పులకు ముందు 84, మార్పుల తర్వాత 187. కింద కాలేజీ లెక్చరరు సంతకం.

లాప్‌టాప్ తగిలించి ఇంజన్లు సరిచేసే ఈ కాలం పిల్లలు ఇది చదివి నవ్వుతారని తెలుసు. నవ్వండి, నాకేం కోపం లేదు. సంతకం మాత్రం అచ్చంగా ఆయనదే. అంకెల సంగతి చెప్పాలనే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

నా షెడ్డు జమ్మలమడుగు రోడ్డులో ఉండేది. నేను లారీ ఇంజన్ల డీజిల్ పంపులు బాగుచేసే మేస్త్రీని. అదే రేకుల కింద, అవతలి మూల, ఒక సాయిబు లేత్ మిషను నడిపేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను ఆయన్ను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. తెల్లటి టోపీ, తెగిన వారుకు పిన్నీసు పెట్టిన రబ్బరు చెప్పులు, చొక్కా జేబులో వెర్నియర్. దేన్నయినా కొలిచాకే మాట్లాడేవాడు. నేను మాట్లాడాక కూడా కొలిచేవాణ్ణి కాదు. ఇంజన్ చప్పుడు చెవితో విని జబ్బేమిటో చెప్పేవాణ్ణి. నా అంత పంపు మేస్త్రీ ఆ చుట్టుపక్కల లేడని పేరు. నిజానికి ఇంకొకడు ఉండేవాడు, నాకంటే బాగా చేసేవాడు కూడా. వాడు కువైట్ పోయాకే నాకా పేరు వచ్చింది.

అవి పార్టీల రోజులు. జమ్మలమడుగు దగ్గర ఒక ఊరు, ఊరి చుట్టూ నాపరాయి గనులు. ఊళ్లో పై వీధి, కింద వీధి అని రెండు. రెండు వీధుల పెద్దలూ వరసకు అన్నదమ్ముల పిల్లలే. ఒకాయన ఒక పార్టీలో చేరిన వారానికి రెండో ఆయన రెండో పార్టీలో చేరాడు. మొదటాయన ఆ రెండో పార్టీలోకి పోయి ఉంటే ఈయన మొదటి దాంట్లోకి పోయేవాడు, అంతే తేడా. ఇద్దరికీ చెరొక లారీ. ఒకే కంపెనీ, ఒకే మోడలు. ఇద్దరూ బండలు ఎత్తి ముద్దనూరు ఘాటు మీదుగా పులివెందులకు తోలేవాళ్లు. ఇద్దరి లారీలూ రిపేరుకు నా దగ్గరికే రావాలి.

అందుకని మామ ఒక కట్టుబాటు పెట్టాడు. సోమ, మంగళ, బుధ పై వీధి లారీ. గురు, శుక్ర, శని కింద వీధి లారీ. ఆదివారం షెడ్డు మూత. ఈ కట్టుబాటు ఏ కాగితం మీదా లేదు గానీ రెండు వీధుల్లో ఒక్కరూ దాటలేదు. ఒకసారి కింద వీధి లారీ గేరు పట్టేసి బుధవారం మధ్యాహ్నమే వచ్చి ప్రొద్దుటూరు బయట ఆగిపోయింది. గురువారం తెల్లారేదాకా డ్రైవరు అక్కడే బండి కింద గోనెపట్ట వేసుకుని పడుకున్నాడు. షెడ్డు ఎదురుగా టీకొట్టు వాడు కూడా మమ్మల్ని చూసి వీధికొకటిగా రెండు బెంచీలు వేశాడు.

ఆ ఘాటులో ఎవరి లారీ ఎవరి లారీని దాటిందన్నది ఊళ్లో పెద్ద విషయం. దాటించుకున్న వీధిలో ఆ రోజు సంగటి కూడా సరిగ్గా దిగేది కాదు. డ్రైవర్లిద్దరూ బావాబామ్మర్దులని ఆసాములకు తెలుసు. ఈ సోమవారం నువ్వు దాటు, వచ్చే సోమవారం నేను దాటుతానని వాళ్లు లోపల్లోపల మాట్లాడుకుని నడుపుతున్నారని మాత్రం తెలియదు. నాకు తెలుసు. మేస్త్రీకీ మంగలికీ తెలియని సంగతి ఉండదు.

ఒక మంగళవారం పై వీధి ఆసామి ఐదుగురు మనుషులతో షెడ్డుకు వచ్చాడు. లావుపాటి మనిషి, మాట సన్నగా ఉంటుంది. లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మేస్త్రీ, దీనికి ఎన్ని గుర్రాలుండాయి?"

"నూట పదప్పా. కంపెనీ పుస్తకంలోనే రాసిండాది."

"పెంచల్ల."

"పెంచుదాం. ఎన్ని కావల్ల?"

"నువ్వు చెప్పు. చేసేటోనివి నువ్వు గదా."

ఐదో, ఆరో అని ఉంటే ఈ కథ లేదు. ఎదురుగా ఆరుగురు నా నోటి వైపే చూస్తున్నారు. నలభై అన్నాను. ఎందుకు నలభై అంటే, చెప్పడానికి నోటికి నిండుగా ఉంది, అంతకు మించి కారణం లేదు. అవతల లేత్ ఆగిన చప్పుడు వినిపించింది.

ఆసామి పోతూ పోతూ నా కుడిచెయ్యి పట్టుకుని, గాజులవాడు కొలత చూసినట్టు మణికట్టు తిప్పి చూశాడు. "నలుగురిలో చెప్పుకుంటాను మేస్త్రీ. మాట తేడా వచ్చెననుకో, స్పానర్ పట్టేదానికి ఈ చెయ్యి ఉండదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అలా అన్న మనిషి అన్నంత పనీ చేసిన సందర్భాలు రెండు మూడు ఊరికంతా తెలుసు.

వాళ్లు పోయాక మామ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నలభై గుర్రాల్ని యాడ కట్టేస్తావు అల్లుడూ? దీంట్లో జాగా యాడుంది?"

"ఎవురు కొలుస్తారు మామా?"

ఆయన లేచి పోయి లేత్ మళ్లీ ఆన్ చేశాడు.

నేను చేసింది చెబుతాను, పెద్ద విద్యేమీ కాదు. పంపుకు ఒక స్క్రూ ఉంటుంది, దాని మీద కంపెనీ వేసిన సీసపు సీలు ఉంటుంది. సీలు తెంచి స్క్రూను ఒకటిన్నర చుట్టు తిప్పాను. డీజిల్ ఎక్కువ పోతుంది. సైలెన్సర్ పొట్ట హాక్సాతో కోసి తీసేశాను. చప్పుడు ఎక్కువ వస్తుంది. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరాయి, వెనక కాకినలుపు పొగ లేచింది. మా సీమలో అప్పట్లో లారీ బలాన్ని కొలిచే పద్ధతి అదే. పొగ ఎంత నల్లగా ఉంటే బండి అంత గట్టిది. ఆసామి వచ్చి పొగ చూసి, దగ్గి, కళ్లు తుడుచుకుని, ఇప్పుడు బండి లెక్క ఉండాదన్నాడు.

శుక్రవారం కింద వీధి ఆసామి వచ్చాడు. ఈయన బక్కపలచని మనిషి, గొంతు పెద్దది. వానికి ఎంత పెంచినావని అడిగాడు. ఇరవై అన్నాను. మరి నాకెంత పెంచుతావన్నాడు. నలభై అన్నాను. అదే స్క్రూ, అదే ఒకటిన్నర చుట్టు, అదే హాక్సా బ్లేడు. మంగళవారం పై వీధి ఆసామి మళ్లీ వచ్చి, వాళ్లకూ చేసినావంటనే అన్నాడు. చేసినానప్పా, వాళ్లకు ఇరవయ్యే అన్నాను. వారంలో మూడేసి రోజులు విడదీసి పెట్టిన కట్టుబాటు నా అబద్ధాలకు ఇంత బాగా పనికొస్తుందని మామ కూడా అనుకుని ఉండడు.

రెండు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. జమ్మలమడుగులో పోలీసు సర్కిలు ఇన్‌స్పెక్టరు రెండు వీధుల పెద్దల్నీ పిలిపించి మైకులు, జెండాలు ఎవరెక్కడ కట్టుకోవాలో మాట్లాడుతున్నాడు. మాట జెండాల నుంచి ఘాటు మీదికి పోయింది. మాకు నలభై, వాళ్లకు ఇరవై అని పై వీధి ఆసామి అన్నాడు. కింద వీధి ఆసామి గట్టిగా నవ్వి, తలకాయ తిరిగిందా, నలభై మాది, ఇరవై మీది అన్నాడు. మాటా మాటా పెరిగి, వచ్చే ఆదివారం రెండు లారీలూ లోడుతో పక్కపక్కన ఘాటు ఎక్కాలని పందెం పడింది. ఆ మలుపుల్లో ఒక లారీకే దారి చాలదు. ఓడిన డ్రైవరు ఊళ్లోకి తిరిగి వచ్చే ధైర్యం చెయ్యలేడు. రాళ్లు ముందు లేస్తాయా, సంచుల్లోని బాంబులు ముందు లేస్తాయా అన్నదే మిగిలింది.

ఇన్‌స్పెక్టరు నాకోసం కానిస్టేబుల్‌ను పంపాడు. స్టేషన్లో నిలబెట్టి, ఎవరికి నలభై, ఎవరికి ఇరవై, నిజం చెప్పమన్నాడు. కిటికీ బయట ఒక పక్క లావుపాటి ఆసామి, ఇంకో పక్క బక్క ఆసామి నిలబడి వింటున్నారు. నా కుడిచెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది.

"సార్, అది నోటితో చెప్పేది కాదు సార్. కొలిచి చెప్పల్ల. కొలిచే మిషను ఈడ యాడా లేదు, మద్రాసుకు పోవల్ల" అన్నాను. మద్రాసు పోయి వచ్చేలోగా ఎలక్షన్లు అయిపోతాయి, అందరూ మర్చిపోతారని నా ఎత్తు.

ఇన్‌స్పెక్టరు కాసేపు ఆలోచించి, ప్రొద్దుటూరు కాలేజీలో ఇంజన్ల పాఠం చెప్పే లెక్చరరు ఉన్నాడు గదా, ఆయన్ను అడుగుదాం, అంతవరకు పందెం లేదు, ఏమీ లేదు, ఆయన చెప్పిన అంకెకు ఇద్దరూ కట్టుబడి ఉండాలన్నాడు. ఇద్దరూ సరేనన్నారు. ఇద్దరికీ నలభై తనదేనన్న నమ్మకం. నేను బయటికి వచ్చి స్టేషను మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ లెక్చరరు గుంటూరు వైపు మనిషి. సన్నగా, సైకిలు మీద గొడుగు కట్టుకుని తిరిగేవాడు. మాట మాటకీ అండీ అనేవాడు. మావాళ్లు ఆయన వెనక అండీ అండీ అని ఎగతాళి చేసేవాళ్లు. ఇన్‌స్పెక్టరు సంగతి చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద కొలిచిన దాన్ని నిజంగా కొలవమని అడిగినవాళ్లు లేరట. మద్రాసు మిషను అక్కర్లేదన్నాడు. నా చివరి ఆశ అక్కడితో పోయింది.

"డెబ్బై ఐదు కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు పైకి లేపితే ఒక హార్స్ పవరండీ. మనకు లారీ బరువు తెలియాలి, ఘాటు ఎత్తు తెలియాలి, ఎక్కడానికి పట్టిన సెకన్లు తెలియాలి. చదును రోడ్డు మీద చక్రాలు ఎంత లాగుతాయో అదీ చూసి కలుపుదాం. ఘాటే మన మిషనండీ" అన్నాడు.

మామ ఆ మాటలు విని, వెర్నియర్ జేబులోంచి తీసి మళ్లీ పెట్టుకుని, ఈయన మనోడే అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఒకటైపోయారు. మూడు కాళ్ల మిషను ఒకటి పట్టుకుని రెండు రోజులు ఘాటు కింది మైలురాయి నుంచి పై మలుపు దాకా ఎత్తు కొలిచారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు రైల్వే లైను పడుతోందనుకుని వచ్చి, పొలాలు పోతాయా, పోతే ఎకరాకు ఎంతిస్తారని అడిగారట. మామ ఓపిగ్గా అందరికీ, ఇది గుర్రాల సర్వే అని చెప్పాడట.

ఆదివారం వచ్చింది. వీధికి ఐదుగురే రావాలని, చేతులు ఖాళీగా ఉండాలని ఇన్‌స్పెక్టరు ఆజ్ఞ. రెండు లారీల్లోనూ ఒకే లెక్కన బండలు పేర్చి కాటా వేయించారు. లెక్చరరు స్టాప్‌వాచీ పట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంటాడు గనుక తనూ కాటా ఎక్కి నిలబడ్డాడు. పై వీధి ఆసామి తనూ క్యాబిన్లో కూర్చుంటానన్నాడు. కూర్చోండి, అయితే మీ బరువూ రాయాలండీ, కాటా ఎక్కండి అన్నాడు లెక్చరరు. రాళ్లతో పాటు నన్ను తూకం వేస్తావా అని ఆసామి కళ్లెర్రజేశాడు. కింద వీధి వాళ్లు నవ్వబోయి, కానిస్టేబుల్‌ను చూసి ఆగారు. కాటా ఎక్కడం ఇష్టం లేక ఆసామి వెనక్కి తగ్గాడు.

ముందు మార్పులు లేకుండా కొలవాలని లెక్చరరు పట్టుబట్టాడు. నేనూ మామా పొద్దున్నే రెండు లారీల స్క్రూలూ వెనక్కి తిప్పి, పాత సైలెన్సర్లు బిగించాం. నేను స్క్రూలు చూశాను, కింద దూరి బోల్టులు బిగించే పనంతా మామ చేశాడు. మైలురాయి దగ్గర బయలుదేరితే పై మలుపులో సున్నంతో గీసిన గీత దాటడానికి ఐదు నిముషాల యాభై ఏడు సెకన్లు. రెండో లారీ కూడా ఇంచుమించు అంతే. తర్వాత కిందికి తెచ్చి, సైలెన్సర్లు పీకి, స్క్రూలు ఒకటిన్నర చుట్టు తిప్పి మళ్లీ ఎక్కించాం. ఆ పొగకు కొండ మీద మేకలు కాసేవాళ్లు మందను అవతలి వాలుకు తోలుకుపోయారు. చప్పుడుకు చెవులు గడియలు పడ్డాయి. చూసేవాళ్లకు లారీ ఎగిరిపోతున్నట్టే ఉంది. రెండు వీధుల వాళ్లూ ఈలలు వేశారు. నాకే నిజమేనేమో అనిపించింది.

అందరం ఇన్‌స్పెక్టరు జీపులో, వెనక మిగతా బండ్లలో పై మలుపుకు చేరాం. రెండు లారీలూ ముక్కులు కలిపి ఆగి ఉన్నాయి. లెక్చరరు బండ మీద కూర్చుని చాలాసేపు లెక్క వేశాడు. రోడ్డుకు ఒక పక్క పై వీధి, ఒక పక్క కింద వీధి, నడుమ ఇద్దరు కానిస్టేబుళ్లు. ఆయన లేచి కళ్లజోడు సర్దుకున్నాడు.

"మార్పులకు ముందు చక్రాల దగ్గర ఎనభై నాలుగండీ. కంపెనీ చెప్పిన నూట పదిలో మిగతావి గేర్లలో, బేరింగుల్లో పోతాయి, అది మామూలే. మార్పుల తర్వాత ఎనభై ఏడండీ. రెండు లారీలకూ అంతే. పన్నెండు సెకన్లు తొందరగా ఎక్కింది. డీజిల్ మాత్రం చాలా ఎక్కువ తాగింది. అదంతా పొగండీ."

ముందు లావుపాటి ఆసామి సన్నటి గొంతు వినిపించింది. "నాకు నలభై అనె గదా." వెంటనే బక్క ఆసామి పెద్ద గొంతు. "నాకూ నలభై అనె." తొమ్మిదేళ్లుగా, పోట్లాటలో కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషులు అప్పుడు చూసుకున్నారు.

అప్పుడు నేను ఒక అడుగు ముందుకు వేశాను. తలపాగా తీసి బండ మీద పెట్టి, కుడిచెయ్యి చాచి, అప్పా, తప్పు నాది, మీ ఇద్దరినీ మోసం చేసినా, ఈ చెయ్యి తీసుకోండి, ఆ డ్రైవర్లను మాత్రం ఏమీ అనొద్దండి అన్నాను. నా ధైర్యానికి రెండు వీధుల వాళ్లూ తెల్లబోయారు. ఆసాములిద్దరూ కరిగిపోయి, పోనీలే మేస్త్రీ అన్నారు.

ఇలాగే చెప్పుకొచ్చాను ఇన్నేళ్లూ. పెళ్లిళ్లలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, మనవరాలికి అన్నం తినిపిస్తూ చెప్పాను. చెయ్యి చాచే చోట లేచి నిలబడి చేసి చూపించేవాణ్ణి కూడా. నాకు తలపాగా అలవాటే లేదు.

జరిగింది ఇది. లెక్చరరు కాగితం చేతిలోకి తీసుకోగానే నేను స్పానర్ పట్టుకుని, జాయింటు బోల్టులు వదులైనట్టున్నాయి అని ఎవరికీ వినపడకుండా గొణిగి, కింద వీధి లారీ కిందికి దూరాను. వెల్లకిలా పడుకుని బోల్టుల మీద స్పానర్ పెట్టి ఉన్నాను. కాబట్టి నా ఉద్యోగ జీవితంలో అతి ముఖ్యమైన ఘడియను నేను చూసింది చెప్పుల ఎత్తున. అటు ఐదు జతలు, ఇటు ఐదు జతలు, నడుమ బూట్లు. రెండు పక్కల నుంచీ చెప్పులు కదిలాయి. మేస్త్రీ యాడ, మేస్త్రీని పిలువు అని నాలుగైదు గొంతులు.

అప్పుడు పిన్నీసు పెట్టిన రబ్బరు చెప్పులు మెల్లగా నడిచి వచ్చి ఆ రెండు వరసల మధ్య ఆగాయి.

"స్క్రూ తిప్పింది నేనప్పా. నలభై అని చెప్పమన్నదీ నేనే. మా అల్లునికి లెక్కలు రావు, నేను చెప్పిందే చెప్పినాడు" అన్నాడు మామ.

జీవితంలో కొలవకుండా మాట చెప్పని మనిషి. ఆ ఒక్కటీ కొలవకుండా చెప్పాడు. లేదా ముందే కొలుచుకుని ఉంచుకున్నాడేమో.

చెంపదెబ్బ చప్పుడు వినిపించింది. పై వీధి ఆసామి కొట్టాడని చెప్పుల్ని బట్టి తెలిసింది. వెంటనే రెండో దెబ్బ. ఆ రెండోది కింద వీధి ఆసామిది. ఆయనకు అంత కోపం ఉందని నేను అనుకోను. పై వీధి కొట్టాక కింద వీధి కొట్టకుండా ఊరుకుంటే ఊళ్లో తలెత్తుకోలేడు, అందుకని కొట్టాడు. అక్కడితో బూట్లు అడ్డం వచ్చాయి.

టోపీ కింద పడింది. లారీ చక్రం పక్కకు, నాకు మూరెడు దూరానికి దొర్లింది. చెయ్యి చాస్తే అందుతుంది. చాచలేదు. మామ దాని కోసం వంగాడు. వంగినప్పుడు నన్ను చూశాడు. చెంప ఎర్రగా వాచి ఉంది. టోపీ దుమ్ము దులుపుకుంటూ, పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా అడిగాడు.

"బోల్టులు బిగించినావా అల్లుడూ?"

నేను తల ఊపాను. ఆయన లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆ రెండు వీధుల మధ్య కుదిరిన మొదటి ఒప్పందం నా షెడ్డు గురించే. రెండు లారీలనూ మునుపటిలాగా చేసి ఇవ్వాలి, కూలి లేకుండా, రేపే, ఇద్దరి ఎదుటా. ఒకరి లారీ ముందు చేస్తే రెండోవారికి తక్కువ గనుక రెండూ ఒకేసారి చేయాలి. సోమవారం పొద్దున మామ కట్టుబాటు విరిగిపోయి రెండు లారీలూ ఒకే రేకుల కింద నిలబడ్డాయి. బావాబామ్మర్దులు ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగారు. రెండో బెంచీ మీద ఆసాములు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని, కాపలా కాసినట్టు మా చేతుల వైపే చూశారు. ఆ ఎలక్షన్లలో ఆ ఊళ్లో రక్తం కారలేదు. అది నా గొప్పేనని చాలామందితో అన్నాను. కాదు. మూడేళ్ల తర్వాత ఒక వంక గట్టు దగ్గర కారింది, దాన్ని ఏ కొలతా ఆపలేదు.

ఆదివారం నాడు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మామను అడిగాను, ఎందుకు చెప్పినావు మామా అని. కిటికీ వైపు చూస్తూ, "ముసలోన్ని చెంపదెబ్బతో ఇడుస్తారు. నిన్నయితే ఇడుస్తురా? స్పానర్ పట్టేటోనివి, ఇంట్లో ముగ్గురు పిల్లోళ్లు" అన్నాడు. నేను క్షమించమని అడగలేదు. ఆయన టిక్కెట్టు కూడా ఆయనే తీసుకున్నాడు.

ఇంక చీటీ సంగతి. లెక్చరరు లెక్క రాసిచ్చిన కాగితం నా దగ్గరే ఉండిపోయింది. ఆయన బదిలీ అయి పోయాక ఒక రోజు అదే రంగు సిరాతో 87కు ముందు ఒకటి పెట్టాను. అద్దం కట్టించాను. మామ చూశాడు. వెర్నియర్ తీసి, అద్దం మీదనే ఆ ఒకటిని కొలిచాడు. "ఆరు మిల్లీమీటర్లు. నూరు గుర్రాలు ఇంత సన్నంగా ఉంటాయని నాకు తెల్దు" అని పోయి లేత్ తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు నేను గిరాకీల ముందు గొప్పలకు పోయినా, అవతలి మూల నుంచి ఆ ప్రశ్న వచ్చేది, బోల్టులు బిగించినావా అల్లుడూ అని. గిరాకీలు పని గురించి అనుకునేవాళ్లు. నేను గమ్మునయ్యేవాణ్ణి.

షెడ్డు మూసేశాక చీటీ ఇంటికి తెచ్చుకుని, అద్దం తీసి, బ్లేడుతో ఆ ఒకటిని గీకాను. సిరా పోలేదు. ఇంకా గీకితే కాగితం చిల్లు పడింది. ఇప్పుడు 84 ఉంది, చిల్లు ఉంది, 87 ఉంది.

మామ చివరి రోజుల్లో పులివెందులలో కూతురి ఇంట్లో ఉన్నాడు. చూడటానికి పోయాను. ఎర్రగుంట్ల మీదుగా దగ్గర దారి ఉన్నా జమ్మలమడుగు మీదుగా పోయే బస్సెక్కాను. ఘాటు ఎక్కేటప్పుడు వాచీ చూశాను. ఇప్పటి బస్సు మూడు నిముషాల్లో ఎక్కేసింది, ఒక్క పిడికెడు పొగ లేదు. అరటితోటల పులివెందులకు అరటిపండ్లు కొనుక్కుని పోయిన మొనగాణ్ణి నేనేనని మామ కూతురు నవ్వింది.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, టోపీ మాత్రం అంతే తెల్లగా ఉంది. చీటీ తీసి చేతిలో పెట్టాను. కంటి దగ్గరగా పెట్టుకుని చూశాడు. చిల్లు లోంచి నన్ను చూశాడు.

"ఈ బొక్క ఏంది?"

"ఆ ఒకటి తీసేసినా మామా."

"కాగితం పాడైపాయె గదా" అన్నాడు.

ఇన్నేళ్లూ రాని మాట అప్పుడు వచ్చింది.

"మామా, ఆ పొద్దు లారీ కింద నేను ఒక్క బోల్టు కూడా బిగించలేదు."

ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి నా జేబులో దోపాడు.

"నాకు తెల్దా. పొద్దన అవన్నీ బిగించింది నేనే గదా" అన్నాడు.